పన్ను కట్టేస్తే పని చేసే హక్కు వచ్చేస్తుందా?

ఈ మధ్య ఒక స్నేహితురాలి ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఒక పెద్దాయన, ఎమ్మెస్‌లో చేరి ఇంకా ఏడాది తిరగని కుర్రాడికి ధైర్యం చెబుతున్నారు. ఆయన డాలస్‌లో చాలా ఏళ్ళ క్రితమే స్థిరపడ్డవారు. "వెబ్‌సైట్ పనులేవో వస్తున్నాయంటున్నావు కదా, వదులుకోకు నాయనా. వచ్చినదానికి టాక్స్ కట్టెయ్. టాక్స్ కట్టేవాణ్ణి ఈ దేశంలో ఎవరూ ఏమీ అనరు."

ఆ కుర్రాడితో విడిగా మాట్లాడాను. కానీ ఆ మాట ఆయన ఒక్కరిదే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. నేను అకౌంటెంట్‌ని. టాక్స్ సీజన్‌లో ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల రిటర్నులకు ఉచితంగా సాయం చేసే క్లినిక్‌లో కూర్చుంటాను. వచ్చేవాళ్ళలో మన పిల్లలు చాలామంది ఉంటారు. రూమ్మేట్లు, సీనియర్లు, ఊళ్ళో ఉన్న బాబాయిలు చెప్పిన ఇదే సలహా వాళ్ళ నోట మళ్ళీ మళ్ళీ వింటున్నాను.

ఇది మంచి మనసుతో చెప్పే తప్పు సలహా. మంచి మనసుతో చెబుతారు కాబట్టి పిల్లలు నమ్మేస్తారు. ఎఫ్-1, అంటే అమెరికా స్టూడెంట్ వీసా, మీద ఉన్న విద్యార్థి ఫ్రీలాన్స్ పని మొదలుపెట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పని చెయ్యడానికి నాకు అనుమతి ఉందా? ఉంటే, వచ్చినదాని మీద పన్ను ఎలా లెక్కపెట్టాలి? మొదటిదానికి జవాబు చెప్పేది ఇమిగ్రేషన్ చట్టం, రెండోదానికి ఆదాయపన్ను చట్టం. మనవాళ్ళు ఈ రెంటినీ ఒకటిగా కలిపేశారు. దానివల్ల కొందరు అనుమతి లేకుండా పని చేసి, పన్ను కట్టాం కదా అని నిశ్చింతగా ఉంటున్నారు. ఇంకొందరు, అనుమతి లేని పనికి రిటర్నేమిటని అసలు ఫైలింగే మానేస్తున్నారు. మరికొందరు అనుమతి ఉండి కూడా భయంతో వచ్చిన పని వదులుకుంటున్నారు. ముగ్గురూ నష్టపోతున్నారు.

ఐఆర్ఎస్ అడిగేది ఒక్కటే

ఆదాయం వచ్చిందా, ఎంత వచ్చింది? ఐఆర్ఎస్‌కి, అంటే అమెరికా ఆదాయపన్ను శాఖకి, కావలసింది ఇంతే. ఆ ఆదాయం సక్రమమైనదా అన్నది దాని లెక్కలోకి రాదు. అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న రోజుల్లో, 1927లో, దొంగసారా వ్యాపారం చేసిన సలివాన్ అనే అతని కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. వ్యాపారం చట్టవిరుద్ధమైనా రిటర్ను వెయ్యక తప్పదంది. ఇప్పటికీ ఐఆర్ఎస్ ప్రచురణల్లో లంచాలు, మాదకద్రవ్యాల అమ్మకం మీద వచ్చిన డబ్బు కూడా ఆదాయంలో చూపించాలని రాసి ఉంటుంది. అలా చూపించి పన్ను కట్టినవాడి సారా సక్రమమైన సరుకైపోదు. విద్యార్థి కట్టిన పన్నుకూ అంతకు మించిన మహిమ లేదు.

ఇమిగ్రేషన్ వాళ్ళు అడిగేది వేరు. క్యాంపస్ ఉద్యోగమైతే సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు. బయటి పని అయితే సీపీటీనో (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి), ఓపీటీనో (చదివిన రంగంలో కొంతకాలం పని చెయ్యడానికి అనుమతి), ఇంకేదైనా రాతపూర్వక అనుమతో ఉండాలి. అనుమతి లేకుండా చేసిన ఏ ఉద్యోగమైనా స్టేటస్ (వీసా హోదా) ఉల్లంఘనే అని ఫెడరల్ నిబంధనల్లో సూటిగా ఉంది. డాలర్ల మొత్తం ఎంతన్నది అక్కడ ప్రశ్నే కాదు.

క్లినిక్‌కి వచ్చిన ఒక ఖమ్మం అబ్బాయి సంగతి చెబుతాను. రెండో సెమిస్టర్‌లో ఉండగా ఒక చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ చేసి పెట్టాడు. జనవరిలో వాళ్ళు 1099-ఎన్ఈసీ, అంటే ఉద్యోగి కానివాళ్ళకి ఇచ్చిన డబ్బు చూపించే ఫారం, పంపించారు. దాన్ని నీటుగా ఫైల్లో పెట్టుకుని వచ్చి, "అక్కా, ఇది కూడా కలిపి వేసెయ్యండి, టాక్స్ కట్టేస్తే క్లియర్ అయిపోతుంది కదా" అన్నాడు. సీపీటీ ఉందా అని అడిగితే, "ఇది జాబ్ కాదు కదా అక్కా, ఫ్రీలాన్సే కదా" అన్నాడు. మోసం చేద్దామన్న ఆలోచన ఆ పిల్లవాడికి ఏ కోశానా లేదు. కంపెనీ లేదు, ఆఫర్ లెటర్ లేదు, ఎవరూ అపాయింట్ చెయ్యలేదు, కాబట్టి ఇది ఉద్యోగం కిందకి రాదని నిజంగానే నమ్మాడు.

పని ఒప్పుకునేటప్పుడు ఆ క్లయింటు ఈమెయిల్లో ఒక డబ్ల్యూ-9 ఫారం పంపించాడు. ఇతను పేరు, క్యాంపస్ ఉద్యోగం కోసం తెచ్చుకున్న సోషల్ సెక్యూరిటీ నంబరు రాసి సంతకం పెట్టి పంపాడు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఈ ఒక్క పేజీయే. డబ్ల్యూ-9 మీద సంతకం పెట్టేవాళ్ళు, పన్ను చట్టం ప్రకారం తాము అమెరికా వ్యక్తులమని, అబద్ధమైతే శిక్షకు ఒప్పుకుంటామని ధ్రువీకరిస్తారు. చదువుకోడానికి వచ్చి రెండో సెమిస్టర్‌లో ఉన్న విద్యార్థి పన్ను లెక్కల్లో నాన్-రెసిడెంట్. అతను ఇవ్వాల్సింది డబ్ల్యూ-8 వరసలోని ఫారం. అది ఇస్తే సాధారణంగా క్లయింటు 30 శాతం పట్టుకుని ఐఆర్ఎస్‌కి కట్టాలి. ఆ తలనొప్పి చూసి చాలామంది క్లయింట్లు అక్కడే వెనక్కి తగ్గుతారు. ఫారం సరిగ్గా నింపి ఉంటే ఈ పని మనది కాదని మొదటి రోజే బయటపడేది.

ఐదు క్యాలెండర్ సంవత్సరాలు

పన్ను లెక్కలో రెసిడెంటా, నాన్-రెసిడెంటా అన్నది మనం ఊహించుకునేలా తేలదు. అపార్ట్‌మెంట్ లీజు, టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు, ఇక్కడి బ్యాంకు అకౌంటు, ఇవేవీ ఫెడరల్ లెక్కలో పట్టించుకోరు. మామూలుగా అయితే ఈ దేశంలో ఉన్న రోజులు లెక్కపెడతారు. ఈ ఏడాది ఉన్న రోజులన్నీ, పోయిన ఏడాదివి మూడో వంతు, అంతకు ముందు ఏడాదివి ఆరో వంతు కలిపి 183కి చేరితే రెసిడెంట్. ఎఫ్-1 విద్యార్థికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలూ ఈ రోజుల లెక్క నుంచి మినహాయింపు. ఆ ఐదేళ్ళూ ఏటా ఈ మినహాయింపు చెప్పుకునే ఫారం 8843 పంపాలి, రూపాయి సంపాదించకపోయినా సరే.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. ఐదేళ్ళంటే వీసా స్టాంపు పడ్డ రోజు నుంచి ఐదేళ్ళు కాదు. 2022 ఆగస్టులో దిగినవాడికి 2022 మొత్తం ఒక సంవత్సరం కింద ఖర్చయిపోతుంది. డిసెంబరు ఆఖరి వారంలో దిగినా అంతే. అతనికి 2026తో ఐదు పూర్తయి, 2027లో రోజుల లెక్క మొదలవుతుంది. అప్పటికి చాలామంది స్టెమ్ ఓపీటీ (సైన్సు, ఇంజనీరింగ్ లాంటి చదువులకి ఇచ్చే ఓపీటీ పొడిగింపు) మీద ఉద్యోగంలో ఉంటారు. జనవరి పే స్టబ్‌లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కొత్తగా కోస్తే హెచ్ఆర్ తప్పు చేసిందనుకుంటారు. తప్పేమీ లేదు. నాన్-రెసిడెంట్‌గా ఉన్నన్నాళ్ళూ ఆ కోత నుంచి మినహాయింపు ఉండింది, ఇప్పుడు అయిపోయింది. మినహాయింపు ఉన్నన్నాళ్ళలో పొరపాటున కోసి ఉంటే మాత్రం కంపెనీని అడిగి, వాళ్ళు ఇవ్వకపోతే ఫారం 843 వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. దీన్ని వదిలేసినవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

రెసిడెంట్ అయ్యాక ఫ్రీలాన్స్ లెక్క కూడా మారిపోతుంది. ఖర్చులు పోను 8,000 డాలర్లు మిగిలిందనుకుందాం. రెసిడెంట్ అయితే ఆదాయపన్ను సంగతి అలా ఉంచి, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ (సొంత పని చేసేవాళ్ళు కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్) కిందే దాదాపు 1,130 డాలర్లు కట్టాలి. నాన్-రెసిడెంట్ విద్యార్థికి ఆ టాక్స్ లేదు. అతనికి ఉండేది ఆదాయపన్ను మాత్రమే, మొదటి శ్లాబులో 10 శాతం. వేరే ఆదాయం లేకపోతే 800 డాలర్లు.

మనవాళ్ళు వెంటనే భారత్-అమెరికా పన్ను ఒప్పందం గుర్తు చేస్తారు. నిజమే, అందులోని 21వ అధికరణ వల్ల, మిగతా చాలా దేశాల నాన్-రెసిడెంట్ విద్యార్థులకు లేని స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా ఆదాయంలోంచి తీసేసే మొత్తం) మన పిల్లలకు దొరుకుతుంది. 2025 సంవత్సరానికి అది 15,750 డాలర్లు. క్యాంపస్ జీతం అంతకు లోపు ఉంటే ఫెడరల్ పన్ను సున్నా. అయితే ఆ అధికరణలో ఉన్న మాటలు గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులు, ఉద్యోగం ద్వారా వచ్చే జీతం. ఫ్రీలాన్స్ ఆదాయానికి కూడా అది నిక్కచ్చిగా వర్తిస్తుందని నేను ఎవరికీ హామీ ఇవ్వను. అందుకే పైన 800 అని రాశాను.

ఇంకొక సంగతి, స్టాక్ యాప్‌ల గురించి. పెట్టుబడి పెట్టడం ఉద్యోగం కాదు కాబట్టి ఎఫ్-1కి ఇబ్బంది లేదు. కానీ ఏడాదిలో 183 రోజులు ఇక్కడే ఉన్న నాన్-రెసిడెంట్ విద్యార్థికి షేర్ల లాభం మీద ఏకంగా 30 శాతం పన్ను పడుతుంది. స్టాండర్డ్ డిడక్షన్ దాన్ని కాపాడదు. ఇది విన్నాక క్లినిక్‌లో కుర్చీలోంచి లేచి నిలబడ్డ పిల్లలున్నారు.

రెసిడెంట్ అయిన ఏడాది నుంచి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ చూపించాలి. నాన్నగారు పిల్లవాడి పేరు మీద వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, తాతగారిచ్చిన ఇంటి అద్దె, అన్నీ. విదేశీ అకౌంట్లలో ఉన్నదంతా కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ అకౌంట్ల వివరాలు చెప్పే ఎఫ్‌బార్ అనే ఫారం కూడా వెయ్యాలి. జాయింటు అకౌంట్లలో పేరుంటే అవీ కలుస్తాయి. గుంటూరులో స్థలం అమ్మిన డబ్బు నాన్నగారు జాయింటు అకౌంట్లో వేస్తే డాలస్‌లో ఉన్న కొడుకు ఫారం నింపాలి. ఈ మాట ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచడం మంచిది.

అమ్మ పేరు మీద అకౌంటు

పైన వేసిన లెక్క చూస్తే ఒకటి తెలుస్తుంది. నాన్-రెసిడెంట్ విద్యార్థి 8,000 డాలర్లు దాచిపెడితే మిగిలేది మహా అయితే 800. ఆ కాస్త పన్ను ఎగ్గొట్టడానికి మన పిల్లలు దొంగదారి పడుతున్నారంటే నేను నమ్మను. వాళ్ళు దాస్తున్నది ఇమిగ్రేషన్ భయంతో. అందుకే విజయవాడలో అమ్మ పేరు మీద, వరంగల్లో నాన్న పాన్ మీద అకౌంట్లు తెరుస్తున్నారు.

యూట్యూబ్ వ్లాగులే చూడండి. అమెరికాలో మా ఇల్లు, మా గ్రోసరీ, మా యూనివర్సిటీ అంటూ తెలుగులో ఎన్ని ఛానళ్ళు! మాట్లాడేది అమ్మాయి, తీసేది అమ్మాయి, ఎడిటింగ్ అమ్మాయిది, యాడ్ల డబ్బు పడే యాడ్‌సెన్స్ అకౌంటు మాత్రం తల్లిగారిది. అలాంటి ఒక తల్లి నాతో ఫోన్లో మాట్లాడారు. "మా ఆయన కూడా సరేనన్నారండీ. డబ్బు ఇండియాలోనే పడుతుంది, ఇండియాలోనే టాక్స్ కడతాం. అమెరికా వాళ్ళకి దాంతో ఏం పని?" ఆవిడ గొంతులో తప్పించుకునే ధోరణి లేదు. కూతురికి కష్టం రాకూడదన్న ఆరాటమే ఉంది.

నేను ఆవిడకి చెప్పింది ఇది. మనిషి చేసే పనికి వచ్చే ఆదాయం ఏ దేశానిదో తేల్చేది, పని చేసేటప్పుడు ఆ మనిషి ఎక్కడ ఉన్నారన్న సంగతి. క్లయింటు ఎక్కడివాడు, డబ్బు ఏ బ్యాంకులో పడింది, ఇవి రెండో వరస. డాలస్ దగ్గర డెంటన్‌లో గదిలో కూర్చుని మాదాపూర్ కంపెనీకి కోడ్ రాస్తే ఆ జీతం అమెరికా ఆదాయం. అదే వేసవిలో ఇంటికెళ్ళి, కూకట్‌పల్లిలో కూర్చుని న్యూజెర్సీ క్లయింటుకి పని చేసి పెడితే, నాన్-రెసిడెంట్‌గా ఉన్నంతవరకు అది అమెరికా పన్నులోకి రాదు. దాని లెక్క ఇండియాలో చెప్పుకోవాలి. అకౌంటు పేరు మార్చినా ఆదాయం చేతులు మారదు. 1930లో లూకస్ వర్సెస్ ఎర్ల్ కేసులో, భర్త తన సంపాదనలో సగం భార్యదని ముందే ఒప్పందం రాసుకున్నా, సంపాదించినవాడే మొత్తానికి పన్ను కట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక చెట్టుకి కాసిన పళ్ళను ఇంకో చెట్టుకి కట్టబెట్టడం కుదరదన్నారు జస్టిస్ హోమ్స్.

వ్లాగుల విషయంలో నాకూ కొంత సందేహం ఉంది. సరదాగా వీడియో తియ్యడం పనెప్పుడవుతుంది, యాడ్ల డబ్బు పెట్టుబడి ఆదాయం లాంటిదా, శ్రమకు కూలి లాంటిదా అన్నదాని మీద ఇమిగ్రేషన్ లాయర్లలోనే ఏకాభిప్రాయం లేదు. వేరే దేశంలోని కంపెనీకి ఇక్కడ కూర్చుని చేసే పని మీద కూడా అంతే. వాదించుకోడానికి చోటుంది. కానీ అమ్మ పేరు మీద అకౌంటు తెరిచిన క్షణాన ఆ చోటు పోతుంది. అప్పటిదాకా "నాకు ఇది పని అనిపించలేదు" అని నిజాయితీగా చెప్పగలిగేవాళ్ళు, ఆ తర్వాత చెప్పలేరు. పని కాదనుకుంటే దాచడమెందుకని అడిగితే జవాబుండదు.

మరి రిటర్ను వేస్తే మనమే ఒప్పుకున్నట్టు కదా?

నా వాదనకు అన్నిటికన్నా గట్టి ఎదురు ప్రశ్న ఇదే. ఖమ్మం అబ్బాయి కూడా ఇదే అడిగాడు. "అక్కా, మీరు చెప్పినట్టు అది అనుమతి లేని పని అయితే, సొంత పని ఆదాయం చూపించే షెడ్యూల్ సీ నింపి పంపడమంటే సంతకం పెట్టి మరీ తప్పు ఒప్పుకోవడమే కదా?" దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. ముఖ్యంగా ఇప్పుడు. 2025 ఏప్రిల్‌లో చిన్నచిన్న పోలీసు రికార్డుల పేరుతో వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల స్టేటస్ నమోదయ్యే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దు చేశారు. కోర్టుల్లో వరసగా ఎదురుదెబ్బలు తగిలాక నెలాఖరుకి పునరుద్ధరించారు. అదే నెలలో ఐఆర్ఎస్ సమాచారాన్ని ఇమిగ్రేషన్ అమలు కోసం పంచుకునే ఒప్పందం ఒకటి కుదిరింది. దానిమీద కూడా కేసులు పడ్డాయి. పన్ను సమాచారం గోప్యంగా ఉంటుందన్న పాత భరోసా సడలిన మాట నిజం.

అయినా, రిటర్ను వెయ్యకపోవడం క్షేమం అనుకోలేను. 1099 కాపీ ఒకటి ఇప్పటికే ఐఆర్ఎస్‌కి వెళ్ళి కూర్చుంది. మనం నోరు విప్పకపోయినా ఆ కాగితం మాట్లాడుతుంది. పైగా, రిటర్ను వేస్తే మామూలుగా మూడేళ్ళ తర్వాత ఆ ఏడాది లెక్క మూసుకుపోతుంది. వెయ్యకపోతే ఆ గడువు మొదలే కాదు, ఎన్నేళ్ళకైనా తవ్వొచ్చు. రేపు గ్రీన్‌కార్డుకి ఐ-485 నింపేటప్పుడు, అమెరికాలో ఎప్పుడైనా అనుమతి లేకుండా పని చేశారా అని సూటిగా అడుగుతారు. అప్పుడు లేదని రాస్తే పాత ఉల్లంఘనకు అబద్ధం తోడవుతుంది. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వేసేవాళ్ళకి 245(కె) అనే సెక్షన్ ఉంది. చివరిసారి చట్టబద్ధంగా దేశంలోకి వచ్చినప్పటి నుంచి అలాంటి ఉల్లంఘనలు మొత్తం 180 రోజులు దాటకపోతే దాన్ని అడ్డంకిగా చూడరు. నిజం చెప్పినవాడికి ఆ తలుపు తెరిచే ఉంటుంది. అబద్ధానికి ఆ సెక్షన్ పనికిరాదు.

ఇటు స్టూడెంట్ స్టేటస్ వైపు అంత దయ లేదు. స్టేటస్ పోయినవాళ్ళు దాన్ని తిరిగి ఇమ్మని రీఇన్‌స్టేట్‌మెంట్ అడుక్కోవచ్చు గానీ, అనుమతి లేకుండా పని చేసి ఉంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అందుకే పన్ను కట్టేస్తే చాలన్న సలహా మీద నాకు అంత కోపం.

ఆ అబ్బాయికి మూడు పనులు చెప్పాను, ఈ వరసలోనే. ఈ రోజే పని ఆపెయ్. రిటర్ను వేసే ముందు డబ్బు ఖర్చయినా ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడు. లాయరుతో చెప్పుకున్న మాటకు ఉండే రక్షణ, నాలాంటి అకౌంటెంట్‌తో చెప్పుకున్న మాటకు ఉండదు. ఆ తర్వాత, గడువు లోపల, ఉన్నది ఉన్నట్టు నాన్-రెసిడెంట్ల రిటర్ను 1040-ఎన్ఆర్ వెయ్యి. లాయరు కూడా వెయ్యమనే చెప్పారట. స్టేటస్ గురించి ఆయన చెప్పింది వాళ్ళిద్దరి మధ్య ఉండాల్సిన మాట, నేను అడగలేదు.

హక్కు ఉండి కూడా భయపడేవాళ్ళు

ఇప్పుడు రెండో వైపు. చదువు పూర్తయ్యాక వచ్చే మొదటి పన్నెండు నెలల ఓపీటీలో ఫ్రీలాన్స్ చెయ్యొచ్చు. సొంతంగా వ్యాపారం కూడా పెట్టుకోవచ్చు. పని చదివిన చదువుకి సంబంధించినదై ఉండాలి, వారానికి కనీసం 20 గంటలుండాలి, విద్యార్థి వీసాల విభాగం వాళ్ళ సెవ్‌పి పోర్టల్లో వివరాలు నమోదు చెయ్యాలి, వ్యాపారమైతే కావలసిన లైసెన్సులు ఉండాలి. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఓపీటీలో పని లేకుండా ఉండగలిగే 90 రోజుల గడువు దగ్గర పడుతుంటే నిద్రలేని రాత్రులు గడిపి, చివరికి ఏదో ఒక కన్సల్టెన్సీ చేతిలో పడతారు. రెజ్యూమేలో లేని అనుభవం రాయించుకుని, దాని భయంతో ఇంకొన్నేళ్ళు బతుకుతారు. చేతిలో సొంత క్లయింట్లు ఉండి కూడా ఆ దారిలోకి వెళ్ళినవాళ్ళను చూశాను.

తెనాలి నుంచి వచ్చిన ఒక అమ్మాయి వేరేలా చేసింది. డిజైన్‌లో మాస్టర్స్ చేసి, ఓపీటీ మొదలవగానే ఇద్దరు క్లయింట్లతో రాతపూర్వకంగా ఒప్పందాలు కుదుర్చుకుంది. ఏ రోజు ఎన్ని గంటలు, ఏం పని, ఆ పని తను చదివిన ఏ కోర్సుకి సంబంధించింది అన్నది నోట్సు రాసిపెట్టుకుంది. ఇమిగ్రేషన్ వైపు ఒక్క చుక్క తప్పు లేదు. పన్ను దగ్గరకొచ్చేసరికి, స్నేహితులందరూ వాడే సాఫ్ట్‌వేర్‌లో రెసిడెంట్లు వేసే మామూలు 1040 వేసేసింది. అది ఆమెను రెసిడెంట్ కింద లెక్కేసి, కట్టక్కర్లేని సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ కట్టించింది. దాంతోపాటు ఆమెకు అర్హత లేని ఎడ్యుకేషన్ క్రెడిట్ కూడా ఇచ్చింది. సవరించిన రిటర్ను వేసి ఆ క్రెడిట్ తిరిగి ఇచ్చి, కట్టిన టాక్స్ వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. "రిఫండ్ ఎక్కువొస్తే మంచి సాఫ్ట్‌వేర్ అనుకున్నానక్కా" అంది. మనలో ఈ అలవాటు బాగా పాతుకుపోయింది. ఎవరికి ఎంత రిఫండ్ వచ్చిందన్నదే ఫైలింగ్‌కి కొలమానం.

ఆ అమ్మాయికి తర్వాత స్టెమ్ ఓపీటీ వచ్చింది. అక్కడ కథ మళ్ళీ మారుతుంది. స్టెమ్ పొడిగింపులో ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతి సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉన్న కంపెనీ ఉండాలి, శిక్షణ ప్రణాళిక ఫారం ఐ-983 మీద యజమాని సంతకం ఉండాలి, తనకు తనే యజమానిగా సంతకం పెట్టుకుంటే చెల్లదు. మొదటి ఏడాది చక్కగా సాగిన సొంత పనిని వదిలేసి ఉద్యోగంలో చేరింది. చేరే ముందు తనే అడిగి తెలుసుకుంది, అందుకే ఇబ్బంది రాలేదు. ఓపీటీలో ఒప్పయినది స్టెమ్‌లోనూ ఒప్పే అనుకునేవాళ్ళే ఎక్కువ.

నిబంధన న్యాయమైనదేనా?

కాదనే నా అభిప్రాయం. ఇంటిని కుదువబెట్టి, పదకొండు పన్నెండు శాతం వడ్డీకి అప్పు తెచ్చి వచ్చిన పిల్లవాడు రాత్రి తన గదిలో కూర్చుని నాలుగు పేజీల కోడ్ రాసుకుంటే ఈ దేశంలో ఎవరి ఉద్యోగం పోతుంది? క్యాంపస్‌లో డైనింగ్ హాల్ ఉద్యోగానికే వందలాది దరఖాస్తులు. రూపాయి పడిపోయినప్పుడల్లా నాన్నగారు పంపాల్సిన మొత్తం పెరుగుతుంది. బంకుల్లో, రెస్టారెంట్లలో నగదుకి రాత్రిళ్ళు పనిచేసే పిల్లల్ని చూసి నీతులు చెప్పడం నాకు చేతకాదు. వాళ్ళ ఆకలి నాకు తెలుసు. ఈ నిబంధన మారాలని కాంగ్రెస్ ప్రతినిధులకి రాసే తెలుగు సంఘాలుంటే వాళ్ళ ఉత్తరం మీద మొదటి సంతకం నేను పెడతాను.

కానీ నిబంధన అన్యాయమని నిరూపించడానికి ఇరవై మూడేళ్ళ పిల్లవాడి సెవిస్ రికార్డును పణంగా పెట్టమనే హక్కు, సిటిజన్‌షిప్ వచ్చి నిశ్చింతగా ఉన్న పెద్దలకి లేదు. తెగించమని సలహా ఇచ్చేవాళ్ళు ఒకరు, మూల్యం చెల్లించేవాళ్ళు ఇంకొకరు. ఆ భోజనాల దగ్గర నాకు బాధ కలిగించింది అదే.

పైగా ఉన్న దారులే మనవాళ్ళు వాడుకోవడం లేదు. ఒక విద్యాసంవత్సరం పూర్తయ్యాక, అనుకోని ఆర్థిక ఇబ్బంది వస్తే, క్యాంపస్ బయట పని చెయ్యడానికి అనుమతి అడిగే వీలు నిబంధనల్లోనే ఉంది. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్ఓ) సిఫారసుతో, పని అనుమతికి దరఖాస్తు ఐ-765 వెయ్యాలి. ఏయే కారణాలు చెప్పొచ్చో ఉదాహరణలు కూడా అందులోనే ఇచ్చారు. చదివిస్తున్నవాళ్ళ ఆర్థిక పరిస్థితి తలకిందులవడం, వైద్య ఖర్చులు, ఫీజులు విపరీతంగా పెరగడం, కరెన్సీ విలువలో పెద్ద మార్పు రావడం. నాన్న వ్యాపారం మూతపడిందని, అమ్మకి ఆపరేషన్ అయిందని చెప్పుకుని ఏడ్చిన పిల్లలు క్లినిక్‌లో ఎందరో. దీనికి దరఖాస్తు చేశావా అంటే, అలాంటిదొకటి ఉందని కూడా తెలియదంటారు. అందరికీ వస్తుందని చెప్పను. ఆలస్యమవుతుంది, కాగితాలు చాలా అడుగుతారు. అడగకపోతే మాత్రం ఎవరికీ రాదు.

తానా, ఆటా, నాట్స్ లాంటి మన సంఘాలకు నాదొక విన్నపం. టాక్స్ సెమినార్లు మార్చిలో పెడితే విద్యార్థికి పెద్దగా ఉపయోగం లేదు. అప్పటికి పని అయిపోయి, 1099 చేతికొచ్చి ఉంటుంది. ఆగస్టులో, పిల్లలు విమానం దిగిన మొదటి నెలలోనే పెట్టండి. ఒక ఇమిగ్రేషన్ లాయర్ని, విదేశీ విద్యార్థుల రిటర్నులు తెలిసిన ఒక అకౌంటెంట్‌ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. విడివిడిగా అడిగితే డీఎస్ఓ టాక్స్ సంగతి చెప్పరు, మేము స్టేటస్ సంగతి చెప్పలేం. పిల్లవాడు మా ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి, చివరికి రూమ్మేట్ మాట వింటాడు. డాలస్ చుట్టుపక్కల ఎవరైనా పెడితే అకౌంటెంట్ కుర్చీ నేను తీసుకుంటాను. సాయంత్రం ఆరు తర్వాత, ఏ రోజైనా సరే.